ఫోన్‌కి ముక్కు ఎందుకు లేదు? మన ముక్కులోని 400 సెన్సర్లు, ఉద్దానానికి వాటితో ఉన్న పని

మీ ఫోన్‌లో ఎన్ని సెన్సర్లున్నాయో ఎప్పుడైనా లెక్కపెట్టారా? కెమెరా కన్ను, మైక్ చెవి, టచ్ స్క్రీన్ చర్మం. ఇవి కాక యాక్సిలరోమీటర్, జైరో, కంపాస్, ప్రాక్సిమిటీ, ఫింగర్‌ప్రింట్. 2013లో వచ్చిన గెలాక్సీ ఎస్4లో గాలిలో తేమని కొలిచే సెన్సర్ కూడా పెట్టారు. 2023లో వచ్చిన పిక్సెల్ 8 ప్రోలో వెనకవైపు టెంపరేచర్ సెన్సర్ ఇచ్చారు. కానీ ముక్కు మాత్రం లేదు. లక్ష రూపాయల ఫోన్ స్టవ్ పక్కనే ఉన్నా, పాలు మాడుతున్నాయని ముందు కనిపెట్టేది మీరే.

మాది నందిగాం. ఊరెళ్తే ఫోన్ల గురించి రకరకాల ప్రశ్నలు అడుగుతారు. ఏ ఫోన్ కొనాలి, బ్యాటరీ ఎందుకు త్వరగా అయిపోతోంది, ఇలాంటివి. వాటి మధ్యలో ఒక ప్రశ్న మాత్రం వేరుగా ఉంటుంది. "ఊపిరి ఊదితే కిడ్నీ జబ్బు ఉందో లేదో చెప్పే యాప్ ఏదైనా ఉందా?" ఉద్దానం పక్కన ఉన్నవాళ్లు ఇది సరదాకి అడగరు. షార్ట్ ఆన్సర్ ఏంటంటే, లేదు. ఎందుకు లేదు, ముందు ముందు వస్తుందా, అప్పటిదాకా ఏం చెయ్యాలి అనేవి అర్థం కావాలంటే ముందు మన ముక్కు లోపల ఏముందో చూడాలి.

ముక్కు: ఫుల్ స్పెసిఫికేషన్స్

• సెన్సర్ రకాలు: సుమారు 400
• ఉండే చోటు: ముక్కు లోపల బాగా పైన, దాదాపు కళ్ల మధ్య ఎత్తులో, తపాలా బిళ్లంత పొర
• సెన్సర్ సెల్స్: కొన్ని పదుల లక్షలు
• రీప్లేస్‌మెంట్: పాత సెల్స్ పోతూ కొత్తవి పుడుతూనే ఉంటాయి, జీవితాంతం
• మొదటి ప్రాసెసర్: మెదడు కింద ఉండే ఆల్ఫాక్టరీ బల్బ్
• సోర్స్ కోడ్ సైజు: 100 కేబీ దగ్గర

చివరి లైన్ చూసి ఆశ్చర్యపోవద్దు, లెక్క సింపుల్. వాసన పట్టే ఒక్కో ప్రొటీన్‌లో సుమారు 310 అమైనో ఆమ్లాలుంటాయి. ఒక్కో దానికి మూడు డీఎన్ఏ అక్షరాలు, అంటే జీన్‌కి 930 అక్షరాల చొప్పున. 400 జీన్లకి 3.7 లక్షల అక్షరాలు. డీఎన్ఏలో అక్షరాలు నాలుగే కాబట్టి ఒక్కో అక్షరానికి రెండు బిట్లు చాలు. మొత్తం 93 కేబీ. మీరు రోజూ వాట్సాప్‌లో పంపే గుడ్ మార్నింగ్ ఫోటో కంటే చిన్న ఫైల్.

సైజు చిన్నదే కానీ కౌంట్ చిన్నది కాదు. మనిషికి ప్రొటీన్ తయారుచేసే జీన్లు మొత్తం 20 వేల దాకా ఉంటాయి. అందులో 400 అంటే ప్రతి 50 జీన్లలో ఒకటి వాసనకే. రంగులు చూడటానికి మనకున్నవి మూడే. వాసన జీన్లు 20వ క్రోమోజోమ్, వై క్రోమోజోమ్ తప్ప మిగతా అన్నింటి మీదా ఉన్నాయి, 11వ దాని మీద అన్నింటికంటే ఎక్కువ.

ఈ జీన్ల కుటుంబాన్ని కనిపెట్టింది లిండా బక్, రిచర్డ్ యాక్సెల్. 1991లో ఎలుకల మీద చేసిన పని అది. 2004లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. తర్వాత మనిషి జీనోమ్ చదివితే ఇంకో సంగతి బయటపడింది. పనిచేసే 400తో పాటు దాదాపు అన్నే పాడైపోయిన కాపీలు కూడా మనలో ఉన్నాయి. కోడింగ్ భాషలో చెప్పాలంటే, ఎవరూ డిలీట్ చెయ్యకుండా వదిలేసిన డెడ్ కోడ్. ఆఫ్రికా ఏనుగుకి పనిచేసేవే 2000 దాకా ఉన్నాయి.

వాసన ఎలా తెలుస్తుంది? స్టెప్ బై స్టెప్

పలాస, కాశీబుగ్గ వైపు వచ్చినవాళ్లకి జీడిపిక్కలు కాల్చే వాసన తెలిసే ఉంటుంది. ఏ గింజని వేయించినా పైరజీన్స్ అనే రసాయనాలు పుడతాయి. వేరుశనగ, కాఫీ, జీడిపప్పు, అన్నింటిలో ఆ "వేగిన" వాసనకి పెద్ద కారణం ఇవే. ఆ వాసననే ఉదాహరణగా తీసుకుందాం.

1. పైరజీన్ అణువు గాలిలో కలిసి, మీరు పీల్చినప్పుడు ముక్కు పైభాగానికి చేరుతుంది. అక్కడున్న తడి పొరలో కరుగుతుంది. గాలిలోకి ఎగరలేని వస్తువుకి వాసన లేదు. ఇనప మేకుని ఎంత పీల్చినా ఏమీ రాకపోవడానికి కారణం అదే.

2. ఆ తడిలో సన్నటి వెంట్రుకల్లాంటి కొసలు తేలుతుంటాయి. వాటి మీద రిసెప్టర్ ప్రొటీన్లుంటాయి. దారంతో బట్టని కుట్టినట్టు ఒక్కో ప్రొటీన్ సెల్ గోడలోంచి ఏడుసార్లు అటూ ఇటూ వెళ్తుంది. ఆ ఏడు మెలికల మధ్య ఒక చిన్న జేబు మిగులుతుంది. అణువు వచ్చి కూర్చునేది అందులోనే.

3. సరిపోయే అణువు కూర్చోగానే ప్రొటీన్ ఆకారం కొద్దిగా మారుతుంది. సెల్ లోపల ఒక జీ ప్రొటీన్ ఆన్ అవుతుంది, అది ఒక ఎంజైమ్‌ని లేపుతుంది, అది సైక్లిక్ ఏఎంపీ అనే మెసెంజర్‌ని కుప్పలుగా తయారుచేస్తుంది. దాంతో గేట్లు తెరుచుకుని కాల్షియం, సోడియం లోపలికి వస్తాయి. కరెంట్ పుడుతుంది. ఒక్క అణువు కొట్టిన చిన్న తట్టు ఇక్కడ ఆంప్లిఫై అవుతుందన్నమాట.

4. ఆ కరెంట్ ఆల్ఫాక్టరీ బల్బ్‌కి వెళ్తుంది. డిజైన్ గొప్పతనం ఇక్కడుంది. ఒక్కో సెల్ 400 జీన్లలో ఒక్కదాన్నే ఎంచుకుని వాడుతుంది, మిగతావన్నీ ఆఫ్. ఒకే జీన్ ఎంచుకున్న సెల్స్ ముక్కులో ఎక్కడెక్కడో చెల్లాచెదురుగా ఉన్నా, వాటి వైర్లన్నీ బల్బ్‌లో కొన్ని నిర్దిష్టమైన జంక్షన్లకే వచ్చి కలుస్తాయి. కాబట్టి ఏ జంక్షన్లు వెలిగాయో చూస్తే మెదడుకి వాసన తెలిసిపోతుంది.

పైరజీన్స్‌కి బాగా స్పందించే రిసెప్టర్ ఒకటి మనలో ఉంది, పేరు ఓఆర్5కే1. ఇలా జంట దొరికినవి కొన్నే. చాలా రిసెప్టర్లు దేన్ని పట్టుకుంటాయో ఇంకా తేలలేదు. ఎందుకంటే ఈ ప్రొటీన్లు ల్యాబ్‌లో మహా మొండివి. వేరే సెల్‌లో పెడితే గోడ దాకా రాకుండా లోపలే ఇరుక్కుపోతాయి. మనిషి వాసన రిసెప్టర్ అణువుని పట్టుకున్న 3డీ నిర్మాణం మొదటిసారి చూడగలిగింది 2023లో మాత్రమే. ఓఆర్51ఈ2 అనే ప్రొటీన్, జున్ను వాసన ఉండే ప్రొపియోనేట్‌ని పట్టుకున్న బొమ్మ అది. జీన్లు దొరికాక 32 ఏళ్లు పట్టింది.

కెమెరాకి మూడు రంగులు చాలు, మరి వాసనకి?

ఫోన్ కెమెరా సక్సెస్ వెనక ఒక అదృష్టం ఉంది. మన కంటిలో రంగు పట్టే ప్రొటీన్లు మూడు రకాలే. అందుకే సెన్సర్ మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్లు పెడితే సరిపోయింది. మిగతా రంగులన్నీ ఈ మూడింటి కలయికలే. విచిత్రం ఏంటంటే, ఆ కంటి ప్రొటీన్లు, ఈ ముక్కు ప్రొటీన్లు ఒకే పెద్ద కుటుంబానికి చెందినవి. అవీ ఏడు మెలికలవే. కన్ను మూడుతో సరిపెట్టుకుంది, ముక్కు 400కి వెళ్లింది.

పైగా ఒక రిసెప్టర్‌కి ఒక వాసన అనే లెక్క కాదు. ఒక అణువు చాలా రిసెప్టర్లని కొంచెం కొంచెం తడుతుంది, ఒక రిసెప్టర్ చాలా అణువులకి పలుకుతుంది. 1999లో లిండా బక్ బృందం దీన్ని చూపించింది. 400 స్విచ్‌లున్న ఒక బోర్డు ఊహించుకోండి. ఒక వాసన అంటే ఏ స్విచ్‌లు ఎంతెంత వెలిగాయి అనే ప్యాటర్న్. మన తీరంలో ఇసుక దిబ్బల మీద పెరిగే మొగలి పువ్వు వాసనలో ఎక్కువ భాగం ఫినైల్ ఇథైల్ మిథైల్ ఈథర్ అనే ఒక్క అణువుదే. అయినా పువ్వు పువ్వులా అనిపించడానికి మిగతా చిన్నా చితకా అణువులు కూడా కావాలి. మూడు ప్రాథమిక రంగుల్లాగా మూడు ప్రాథమిక వాసనలు లేవు. ఉంటే ఈపాటికి అది పిక్సెల్ సెన్సర్‌లా చిప్ మీదకి వచ్చేసేది.

మీ ముక్కు, నా ముక్కు ఒకే మోడల్ కాదు

ఒకే మోడల్ ఫోన్లు రెండు తీసుకుంటే రెండింటిలోనూ అదే కెమెరా. ముక్కులు అలా కాదు. ఏ ఇద్దరిని తీసుకున్నా వాళ్ల వాసన రిసెప్టర్లలో దాదాపు 30 శాతం వేరుగా పనిచేస్తాయని 2014లో వచ్చిన ఒక పరిశోధన చెప్పింది.

కొత్తిమీర కొందరికి సబ్బు వాసన వేస్తుంది. 2012లో ఒక పెద్ద జన్యు సర్వేలో దీనికి ఓఆర్6ఏ2 జీన్ దగ్గర ఒక్క అక్షరం తేడాతో సంబంధం కనిపించింది. ప్రభావం చిన్నదే, కానీ ఉంది. ఆండ్రోస్టీనోన్ అనే చెమట రసాయనం కొందరికి మూత్రం కంపు, కొందరికి తియ్యటి వాసన, కొందరికి అసలు వాసనే ఉండదు. ఇందులో ఓఆర్7డీ4 జీన్ తేడాల పాత్ర ఉందని 2007లో తేలింది.

మనకి ఇంకా దగ్గరిది చేపల వాసన. భావనపాడు వైపు ఎండుచేపలు ఆరబెట్టిన చోట వచ్చే ఘాటులో ముఖ్యమైనది ట్రైమిథైలమైన్. దీన్ని పట్టేది టీఏఏఆర్5 అనే రిసెప్టర్. ఇది ఆ 400లోది కాదు, వాటి పక్కనే పనిచేసే ఇంకో చిన్న కుటుంబంలోది. ఐస్‌లాండ్‌లో 11 వేల మందికి పైగా వాసన పరీక్ష పెట్టి 2020లో ఫలితాలు ప్రచురించారు. ఈ జీన్‌లో ఒక తేడా ఉన్నవాళ్లకి చేపల కంపు అంతగా ఇబ్బంది పెట్టదట. ఇంట్లో ఎండుచేపల పులుసు వండితే ఒకరు కంచం ముందు కూర్చుని ఇంకొకరు పెరట్లోకి పారిపోతే, అది ఒట్టి పెంకితనం కాకపోవచ్చు.

ట్రైమిథైలమైన్ పేరు గుర్తుపెట్టుకోండి, కింద మళ్లీ వస్తుంది.

ఎలక్ట్రానిక్ ముక్కులు ఎంతవరకు వచ్చాయి?

ప్రయత్నాలు చాలానే జరిగాయి. 1999లో డిజీసెంట్స్ అనే కంపెనీ కంప్యూటర్‌కి తగిలించి వాసనలు వదిలే ఐస్మెల్ అనే పరికరం ప్రకటించింది. 128 వాసనల కార్ట్రిడ్జ్‌తో అన్నీ కలిపేస్తామన్నారు. 2001కి కంపెనీయే మూతపడింది. అది వాసన వదిలే రకం. మనకి కావాల్సింది వాసన పట్టే రకం.

పట్టేవాటిలో ఎక్కువగా వాడేది మెటల్ ఆక్సైడ్ సెన్సర్. టిన్ ఆక్సైడ్ లాంటి పొరని వందల డిగ్రీలకి వేడిచేస్తారు. గ్యాస్ దాని మీద చర్య జరిపితే రెసిస్టెన్స్ మారుతుంది. బాష్ కంపెనీ బీఎంఈ688 ఈ రకమే, సైజు 3 మిల్లీమీటర్లు, ఫోన్‌లో ఈజీగా పడుతుంది. మరి ఎందుకు పెట్టట్లేదు? "గాలిలో ఏదో ఉంది" అని చెప్పడం దానికి సులువు, "అది ఇదే" అని చెప్పడం కష్టం. సెంటు కొట్టుకున్నా, పోపు పెట్టినా, శానిటైజర్ రాసుకున్నా రెసిస్టెన్స్ మారుతుంది. తేమ మారితే రీడింగ్ జరుగుతుంది. మన సముద్ర తీరంలో ఉక్కపోత గురించి చెప్పక్కర్లేదు. దీనికి ఏఐ జోడించి ప్యాటర్న్‌లు నేర్పిస్తున్నారు. కానీ సెన్సర్ రకాలు కొన్నే ఉన్నప్పుడు, 400 స్విచ్‌ల బోర్డు ఇచ్చేంత సమాచారం ఏఐకి ఎక్కడినుంచి వస్తుంది?

ఇంకో దారి గూగుల్ రీసెర్చ్ నుంచి బయటికొచ్చిన ఆస్మో కంపెనీది. అణువు నిర్మాణం ఇస్తే దాని వాసన ఎలా ఉంటుందో ఊహించే మోడల్ వాళ్లది, 2023లో సైన్స్ జర్నల్‌లో వచ్చింది. ట్రైనింగ్ తీసుకున్న మనుషులకి దీటుగా చెప్పింది. అయితే ఒకటి గమనించండి, అది గాలిని వాసన చూడదు. అణువు ఏదో ముందే చెప్పాలి.

ఊపిరితో కిడ్నీ జబ్బు: అసలు ప్రశ్న

ఇప్పుడు ఊళ్లో అడిగిన ప్రశ్నకి వద్దాం. ఆలోచన తప్పేం కాదు, సైన్స్ ఉంది. కిడ్నీలు పాడైతే యూరియా రక్తంలో పేరుకుంటుంది, లాలాజలంలోకి కూడా వస్తుంది. నోట్లోని బ్యాక్టీరియా దాన్ని అమోనియాగా మారుస్తుంది. దాంతో పాటు ట్రైమిథైలమైన్ కూడా ఒంట్లో పెరుగుతుంది. అవును, పైన చెప్పుకున్న చేపల వాసనే. కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్ల ఊపిరిలో అమోనియా, చేపల వాసన కలిసి రావడం డాక్టర్లకి ఎప్పటినుంచో తెలుసు.

పరికరాలతో కూడా చేశారు. ఇజ్రాయెల్‌లోని టెక్నియాన్‌లో హోసామ్ హైక్ బృందం బంగారు నానో కణాల సెన్సర్లతో, కిడ్నీ రోగుల ఊపిరిని ఆరోగ్యవంతుల ఊపిరి నుంచి వేరుచేసి 2012లో చూపించింది. కానీ అది ల్యాబ్ పరిస్థితుల్లో, కొద్దిమంది మీద.

డ్రంక్ అండ్ డ్రైవ్‌లో పోలీసులు ఊదమనే మెషిన్ పనిచేస్తోంది కదా అంటారా? అక్కడ వెతికేది ఒక్క అణువుని, అది కూడా దండిగా ఉంటుంది. ఇక్కడ వెతికేవి వంద కోట్ల గాలి అణువుల్లో కొన్ని వందలో, వేలో. చిగుళ్ల జబ్బు ఉన్నా అమోనియా వస్తుంది. రాత్రి ఎండుచేపలు తింటే ట్రైమిథైలమైన్ వస్తుంది. ఉద్దానం లాంటి చోట ఈ రెండో కారణం ఒక్కటి చాలు, మంచిగా ఉన్నవాళ్లకి కూడా జబ్బు ఉన్నట్టు చూపించడానికి.

అన్నింటికంటే పెద్ద సమస్య ఇంకోటి. మన ముక్కుకి తెలిసేంత వాసన వచ్చేసరికి చాలా ఆలస్యమైపోతుంది. కిడ్నీ జబ్బు మొదట్లో నొప్పి ఉండదు, వాపు ఉండదు, వాసనా ఉండదు. ఉద్దానంలో షుగర్, బీపీ లేనివాళ్లకి కూడా వస్తోంది, కారణం ఇంకా తేలలేదు. కాబట్టి "నాకు ఏ లక్షణాలూ లేవు" అనే మాటకి ఇక్కడ విలువ లేదు. ఈ రోజుకి నమ్మదగ్గవి రెండే: రక్తంలో క్రియాటినిన్ పరీక్ష, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష. పలాసలో కిడ్నీ రీసెర్చ్ సెంటర్, 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబర్ 14న ప్రారంభమయ్యాయి. కాబట్టి అమ్మానాన్నలకి స్మార్ట్ వాచ్ కొనిచ్చే ముందు ఈ రెండు పరీక్షలు చేయించండి. కెమెరాతోనో, మైక్‌లోకి ఊదించో కిడ్నీ చూస్తామనే యాప్ ఏదైనా కనిపిస్తే అన్‌ఇన్‌స్టాల్ చేసెయ్యండి. ఊపిరిలోని అణువుల్ని పట్టే హార్డ్‌వేరే ఆ ఫోన్‌లో లేదు.

ఎలక్ట్రానిక్ ముక్కు మనల్ని గెలిచే ఒక్క చోటు

ముక్కు గొప్పదే కానీ దానికి రెండు లోపాలున్నాయి. ఒకటి, అలవాటు పడిపోతుంది. కాసేపు ఒకే వాసనలో ఉంటే తెలియడం మానేస్తుంది. రెండు, నిద్రలో మనల్ని లేపదు. శబ్దానికి లేస్తాం కానీ వాసనకి దాదాపు లేవమని ప్రయోగాల్లో తేలింది. 2020 మే 7న విశాఖ ఆర్.ఆర్.వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి లీకైంది తెల్లవారుజామున 3 గంటల ప్రాంతంలో, ఊరు నిద్రలో ఉన్నప్పుడు. స్టైరీన్‌కి వాసన ఉంది. నిద్రపోతున్న ముక్కుకి అది అలారం కాలేదు. ఫ్యాక్టరీ సైరన్ కూడా మోగలేదని ప్రభుత్వ హై పవర్ కమిటీ తేల్చింది.

వంటగ్యాస్ విషయంలో కూడా ఇంతే. ఎల్‌పీజీకి సొంతంగా చెప్పుకోదగ్గ వాసన లేదు. మనకి తెలియడం కోసమే ఇథైల్ మెర్కాప్టాన్ కలుపుతారు. ఇలాంటి గంధకపు అణువుల్ని మన ఓఆర్2టీ11 రిసెప్టర్ పడుతుంది, దానికి సాయంగా రాగి అయాన్‌ని వాడుకుంటుందని 2016లో తేలింది. చాలా సెన్సిటివ్ సిస్టమ్. కానీ జలుబు చేస్తే, వయసు మీదపడితే, కోవిడ్ తర్వాత వాసన సరిగ్గా తిరిగి రాకపోతే ఆ సిస్టమ్ ఆఫ్‌లైన్.

ఇక్కడ మాత్రం మెటల్ ఆక్సైడ్ సెన్సర్ హీరో. ఎందుకంటే దాన్ని "ఇది ఏ వాసన" అని అడగట్లేదు, "గ్యాస్ ఉందా లేదా" అని అడుగుతున్నాం. అది నిద్రపోదు. ఇంట్లో పెద్దవాళ్లుంటే, వాసన సరిగ్గా తెలియనివాళ్లుంటే, ఎల్‌పీజీ డిటెక్టర్ పెట్టండి. ఎల్‌పీజీ గాలి కంటే బరువు, నేల దగ్గర చేరుతుంది. కాబట్టి డిటెక్టర్ సీలింగ్ దగ్గర కాదు, కింద నేలకి దగ్గరగా బిగించాలి. సెన్సర్‌కి ఎక్స్‌పైరీ ఉంటుంది, కొనేటప్పుడు ప్యాక్ మీద చూసుకోండి.

ఫైనల్ వెర్డిక్ట్

ముక్కు ఉన్న ఫోన్ ఒకరోజు రావచ్చు. ఇప్పటికి మాత్రం ఒక్క అణువుని పట్టమంటే మెషిన్ బెటర్, వాసనని గుర్తుపట్టమంటే మీ ముక్కే బెటర్, జబ్బుని తేల్చమంటే రెండూ చాలవు, ల్యాబ్ కావాలి. రేపు ఏదైనా లాంచ్ ఈవెంట్‌లో "ఏఐ స్మెల్ సెన్సర్" అని స్లైడ్ వేస్తే ఈ మూడు ప్రశ్నలు అడగండి.

1. ఎన్ని రకాల సెన్సర్లున్నాయి? ఒకటా, ఎనిమిదా, నలభయ్యా?
2. తేమ ఎక్కువున్న చోట, వంటింట్లో టెస్ట్ చేశారా, ఏసీ ల్యాబ్‌లోనేనా?
3. ఆరోగ్యం గురించి చెప్తుంటే, రక్త పరీక్షతో పోల్చి ఎంతమంది మీద చూశారు?

మూడో దానికి సరైన జవాబు వచ్చిన రోజు ఆ ఫోన్‌ని టెస్ట్ చెయ్యాల్సింది స్టూడియోలో కాదు, ఉద్దానంలో.